డొమైన్ మీది, ట్రేడ్‌మార్క్ వేరొకరిది: తగాదా వస్తే తరచుగా అడిగే ప్రశ్నలు

వెబ్‌సైటు కోసం ముచ్చటపడి పేరు కొనుక్కుంటే లీగల్ నోటీసు అందుకున్నవారు కొందరు. ఏళ్ల తరబడి పెంచుకున్న వ్యాపారం పేరును ఎవరో ముందే కొనేశారని తెలిసి తల పట్టుకున్నవారు మరికొందరు. ఇద్దరికీ వచ్చే సందేహాలే ఇవి. దారి తెలియడానికి ఇక్కడున్నది సరిపోతుంది. పోయే పేరు విలువైనదైతే మాత్రం ట్రేడ్‌మార్క్ కేసులు చూసే లాయరును కలవాల్సిందే.

డబ్బు కట్టి డొమైన్ కొన్నాను. ఇక అది నాదే కదా?

స్థలం కొన్నట్టు కొనలేదు. ఏడాదికో, కొన్నేళ్లకో వాడుకునే హక్కు తీసుకున్నారు. రిజిస్ట్రేషన్ సమయంలో "అంగీకరిస్తున్నాను" అని టిక్ పెట్టి, ఎవరూ చదవని ఒప్పందం ఒకటి చేశారు. ఈ పేరు వల్ల ఇతరుల హక్కులకు భంగం లేదని నాకు తెలిసినంతవరకు హామీ ఇస్తున్నాను, ఎవరైనా ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు చేస్తే ఫలానా విచారణకు లోబడతాను అని అందులో ఉంటుంది. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటి వాటికి ఆ విచారణ పేరు యూడీఆర్‌పీ, అంటే డొమైన్ తగాదాలను కోర్టు బయట తేల్చే అంతర్జాతీయ పద్ధతి. డాట్ ఇన్‌కు అలాంటిదే మన దేశపు పద్ధతి, ఐఎన్‌డీఆర్‌పీ. "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అని తర్వాత అడిగితే లాభం లేదు.

వేరేవాళ్ల పేరైతే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) ఎందుకు అమ్మాడు? వాడు చూసుకోవద్దా?

చూడడు. ముందు వచ్చినవారికి ముందు ఇవ్వడమే పద్ధతి. పేరు ఖాళీగా ఉందా లేదా అన్నదే యంత్రం చూస్తుంది. పైగా అడిగిన పేరు లేకపోతే దానికి ముందో వెనకో మాట తగిలించి నాలుగు ప్రత్యామ్నాయాలు చూపిస్తుంది. అలా చూపించే వాటిలో పేరున్న బ్రాండ్లు కూడా ఉంటాయి. ఈ వ్యవహారం మీదే స్నాప్‌డీల్ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఇలా సూచించి డబ్బు చేసుకునే రిజిస్ట్రార్లు మాకేం సంబంధం అని తప్పించుకోలేరని 2022లో కోర్టు అంది. అయితే స్నాప్‌డీల్ అనే మాటున్న ఏ డొమైనూ ఇక ముందు అమ్మకూడదని గంపగుత్తగా ఆపడానికి ఒప్పుకోలేదు. ఒక్కో పేరునూ విడిగా చూడాల్సిందే. కాబట్టి యంత్రం సూచించింది గనక కొన్నాను అన్న వాదన మిమ్మల్ని కాపాడదు.

మన దేశంలో సైబర్‌స్క్వాటింగ్‌కు, అంటే పక్కవాడి పేరును డొమైన్‌గా కొని లాభపడాలని చూడడానికి, ప్రత్యేక చట్టం ఉందా?

లేదు. అయినా కోర్టులు ఏనాడూ చేతులెత్తేయలేదు. సొంత సరుకును పక్కవాడి సరుకుగా చలామణీ చేయడాన్ని అడ్డుకునే పాత న్యాయసూత్రం ఒకటుంది. కోర్టు భాషలో పాసింగ్ ఆఫ్ అంటారు. దాన్నే డొమైన్లకూ వర్తింపజేశారు. 1999 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు యాహూఇండియా.కామ్ వాడకాన్ని ఆపింది. "యాహూ నిఘంటువులో ఉన్న మాటే, పైగా మాకూ అమెరికా కంపెనీకీ సంబంధం లేదని సైటులో రాశాం" అని ప్రతివాది వాదించాడు. రెండూ నిలబడలేదు. అదే ఏడాది బాంబే హైకోర్టు రేడిఫ్ పేరును రాడిఫ్‌గా మార్చి పెట్టుకున్నవారిని ఆపింది.

మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన కేసులు రెండున్నాయి. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ పేరుతో ఒక వ్యక్తి డాక్టర్‌రెడ్డీస్‌ల్యాబ్.కామ్ తీసుకుంటే 2001లో ఢిల్లీ హైకోర్టు ఆపింది. రెండోది ఇంకా పెద్దది. సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలు కలిపి "సిఫీ" అనే మాట పుట్టించి, 1999లో ఆ మాటతో డొమైన్లు తీసుకుంది. తర్వాత బెంగళూరు సంస్థ ఒకటి సిఫ్ఫీనెట్ పేరుతో డొమైన్లు తెరిచింది. కింది కోర్టు ఆ పేరు వాడొద్దని ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఇచ్చింది. కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. డొమైన్ పేరు ఒట్టి చిరునామా కాదు, ట్రేడ్‌మార్క్ లక్షణాలన్నీ దానికి ఉంటాయి, ప్రత్యేక చట్టం లేకపోయినా 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం కింద పాసింగ్ ఆఫ్ రక్షణ దొరుకుతుంది అని తేల్చింది. తీర్పిచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. ఇప్పటికీ దేశంలో ఏ డొమైన్ కేసైనా ఈ తీర్పును దాటుకుని వెళ్లదు.

కంపెనీని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర రిజిస్టర్ చేశాం. జీఎస్టీ కూడా ఉంది. చాలదా?

చాలదు. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, దుకాణం లైసెన్సు వేటికవే. వీటిలో ఏదీ ట్రేడ్‌మార్క్ కాదు. ఎప్పటి నుంచి ఆ పేరుతో వ్యాపారం చేస్తున్నారో చూపే రుజువులుగా మాత్రం బాగా పనికొస్తాయి, పారేయకండి.

పేరు కొనేముందు ఏం చూసుకోవాలి?

ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ సైటులో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. సరుకులు, సేవలు అన్నీ కలిపి 45 తరగతులు ఉంటాయి. మీ తరగతిలోనే కాదు, దగ్గరి తరగతుల్లోనూ చూడండి. స్పెల్లింగు ఒక్కటే చూసి వదిలేయొద్దు. చెవికి ఒకేలా వినిపించే పేర్లు కూడా చిక్కే తెస్తాయి, రాడిఫ్ సంగతి పైన చూశారు. తర్వాత మామూలు సెర్చ్ ఇంజన్లోనూ, యాప్ స్టోర్లలోనూ వెతకండి. రిజిస్టర్ కాని పేరుకు కూడా వాడకం వల్ల హక్కు వస్తుంది, ఆ సంగతి రిజిస్ట్రీలో కనపడదు.

పేరు బాగుందనిపిస్తే డొమైన్‌తో పాటు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు కూడా పెట్టేయడం మంచిది. ఆన్‌లైన్లో వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి రూ. 4,500, మిగతావారికి రూ. 9,000. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యవహారాలు రిజిస్ట్రీ చెన్నై కార్యాలయం కిందికి వస్తాయి. లోగోకూ ఫోటోషూట్‌కూ ఖర్చు పెట్టడానికి వెనకాడనివారు ఈ నాలుగున్నర వేల దగ్గర ఎందుకు ఆగిపోతారో అర్థం కాదు.

లీగల్ నోటీసు వచ్చింది. ముందు ఏం చేయాలి?

ముందు అది ఏమిటో చూడండి. లాయరు పంపిన ఉత్తరమా, కోర్టు సమనా, యూడీఆర్‌పీ ఫిర్యాదా? మూడింటికీ గడువులు వేరు. లాయరు ఉత్తరంలో "ఏడు రోజుల్లో అప్పగించకపోతే" అని ఉన్నంత మాత్రాన ఎనిమిదో రోజు ఏమీ ఊడిపడదు. కానీ వైపో, అంటే యూడీఆర్‌పీ కేసులు చూసే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ, నుంచి ఫిర్యాదు మొదలైందని మెయిల్ వస్తే జవాబుకు 20 రోజులే. అడిగితే ఇంకో 4 రోజులు ఇస్తారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడిపోయి, కేసు ఏకపక్షంగా ముగిసిపోయాక తెలుసుకునేవారు ఉంటారు. అందుకే రిజిస్ట్రేషన్లో ఇచ్చిన మెయిల్ మీరు రోజూ చూసేదై ఉండాలి.

తర్వాత రుజువులు పోగేయండి. డొమైన్ ఎప్పుడు కొన్నారో చూపే రసీదు, సైటు ఎప్పటి నుంచి నడుస్తోందో చూపే పాత స్క్రీన్‌షాట్లు, ఆ పేరుతో వచ్చిన ఆర్డర్లు, బిల్లులు, బ్యాంకు లావాదేవీలు, కరపత్రాలు, ఆ పేరే ఎందుకు పెట్టారో చెప్పే పాత వాట్సాప్ మాటలు. నోటీసు రాకముందు నాటివే బలమైనవి. ఈ కేసుల్లో వాదనా పటిమ కంటే తేదీలే ఎక్కువ పని చేస్తాయి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. కంగారుపడి సైటు మొత్తం తీసేయకండి, మీ సొంత రుజువే చెరిపేసుకున్నట్టవుతుంది. బావమరిది పేరు మీదికి మార్చేయకండి. యూడీఆర్‌పీ ఫిర్యాదు నడుస్తుండగా బదిలీ నిషిద్ధం, రిజిస్ట్రార్ ఎలాగూ తాళం వేస్తాడు. ఫిర్యాదుకు ముందు మార్చినా పారిపోయే ప్రయత్నంగానే చదువుతారు. నోటీసు వచ్చాక రాత్రికి రాత్రే సైటులో "మాకు ఫలానా సంస్థతో సంబంధం లేదు" అని రాసి ధీమా పడకండి.

మార్క్ నిజంగానే వాళ్లదై, మీది ఇంకా పుంజుకోని వ్యాపారమైతే, పేరు మార్చుకోవడమే తెలివైన పని. ఈగో కోసం లక్షలు పోయడం నేను సమర్థించను.

"డొమైన్ ఎంతకిస్తారు?" అని వాళ్లే మెయిల్ చేశారు. ధర చెప్పొచ్చా?

జాగ్రత్త. డొమైన్లు కొని అమ్మడం నేరం కాదు. మామూలు మాటలతో ఉన్న పేర్లను అమ్ముకునే వ్యాపారం ప్రపంచమంతా ఉంది. కానీ ట్రేడ్‌మార్క్ యజమానికే, మీకైన ఖర్చు కంటే ఎక్కువకు అమ్మడమే ముఖ్య ఉద్దేశంగా కొంటే, యూడీఆర్‌పీ నియమాల్లో దురుద్దేశానికి అదే మొదటి ఉదాహరణ. ఆ పద్ధతిలో తేలిన తొలి కేసు కథ కూడా ఇదే. 1999 అక్టోబరులో అమెరికాలో ఒకాయన వరల్డ్‌రెస్లింగ్‌ఫెడరేషన్.కామ్ కొని, మూడు రోజులకే ఆ కుస్తీ కంపెనీకి వెయ్యి డాలర్లకు ఇస్తానన్నాడు. 2000 జనవరి 14న పేరు కంపెనీకి వెళ్లిపోయింది.

అవతలివారు ధర అడిగేది ఒక్కోసారి కొనడానికి కాదు, మీ జవాబును ఫిర్యాదుకు జత చేయడానికి. "రాజీ చర్చ, రుజువుగా వాడరాదు" అని పైన రాసినా ఫిర్యాదును తేల్చే ప్యానెల్ దాన్ని చదవొచ్చు. పది కోట్లు అని సరదాగా రాసినా సరదాగా చదవరు. మీకు సొంత వ్యాపారం ఉండి, వాళ్లే ముందు అడిగి ఉంటే పరిస్థితి వేరు. అప్పుడు కూడా జవాబులో మీ వ్యాపారం గురించి, ఎప్పటి నుంచి నడుపుతున్నారో ముందు రాయండి. అంకె తర్వాత.

యూడీఆర్‌పీలో వాళ్లు ఏం నిరూపించాలి?

మూడు. ఒకటి, డొమైన్ తమ మార్క్‌తో ఒకేలా ఉంది లేదా తికమక పెట్టేలా ఉంది. రెండు, మీకు ఆ పేరు మీద హక్కుగానీ న్యాయమైన ఆసక్తిగానీ లేదు. మూడు, దురుద్దేశంతో రిజిస్టర్ చేశారు, దురుద్దేశంతోనే వాడుతున్నారు. మూడూ నిలబడాలి. ఒక్కటి కూలినా ఫిర్యాదు పోతుంది.

మొదటిది ఫిర్యాదుదారుకు సులువు. పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తారంతే. అసలు పోరు రెండో, మూడో అంశాల మీదే. ఫిర్యాదు కబురు తెలియకముందే నిజాయితీగా ఆ పేరుతో సరుకో సేవో అందిస్తున్నారా? అందరూ మిమ్మల్ని ఆ పేరుతోనే పిలుస్తారా? లాభాపేక్ష లేకుండా, జనాన్ని తప్పుదారి పట్టించకుండా వాడుతున్నారా? ఏ ఒక్కటి చూపినా మీకు ఊపిరి ఆడుతుంది.

విచారణ అంటే బోను, సాక్షులు ఉండవు. అంతా కాగితాల మీదే, మెయిల్‌లోనే. డొమైన్ ఒప్పందం ఏ భాషలో ఉంటే విచారణ సాధారణంగా ఆ భాషలోనే, అంటే మనకు ఆచరణలో ఇంగ్లీషే. ప్యానెల్‌ను నియమించాక 14 రోజుల్లో నిర్ణయం రావాలి. మొత్తం కలిపి రెండు నెలల వ్యవహారం. ఈ విధానాన్ని 1999లో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే సంస్థ ఐకాన్ ఆమోదించింది. వైపో ఒక్కదాని దగ్గరే 2023లోనూ 2024లోనూ ఆరు వేలకు పైగా కేసులు దాఖలయ్యాయి.

డాట్ ఇన్ డొమైన్ అయితే తేడా ఏమిటి?

డాట్ ఇన్, డాట్ కో డాట్ ఇన్ తగాదాలు యూడీఆర్‌పీకి వెళ్లవు. ఢిల్లీలోని నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, నడిపే రిజిస్ట్రీ ఒక మధ్యవర్తిని నియమిస్తుంది. 2005లో డాట్ ఇన్ తలుపులు అందరికీ తెరిచినప్పటి నుంచీ ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. మధ్యవర్తి 60 రోజుల్లో తీర్పివ్వాలి, తప్పనిసరైతే ఇంకో 30.

తేడాల్లో రెండు ముఖ్యం. యూడీఆర్‌పీలో దురుద్దేశంతో కొనడం, దురుద్దేశంతో వాడడం రెండూ ఉండాలి. ఇక్కడ ఏ ఒక్కటి ఉన్నా చాలు. అంటే మంచి మనసుతో కొని తర్వాత బుద్ధి మారినా దొరికిపోతారు. రెండోది, ఇక్కడ ట్రేడ్‌మార్క్ ఒక్కటే కాదు, ఫిర్యాదుదారుకు హక్కున్న "పేరు" ఉన్నా ఫిర్యాదు చేయొచ్చు. మొత్తం మీద డాట్ ఇన్ పద్ధతి డొమైన్ ఉన్నవాడి కంటే మార్క్ ఉన్నవాడి వైపే కాస్త మొగ్గుతుందని నా అభిప్రాయం.

అది నా ఇంటిపేరు. నా పేరు నేను పెట్టుకోకూడదా?

పెట్టుకోవచ్చు, నిజంగా మీ పేరుగానే వాడితే. మన ట్రేడ్‌మార్క్స్ చట్టం 35వ సెక్షన్ సొంత పేరును నిజాయితీగా వాడుకునేవారికి రక్షణ ఇస్తుంది. తెలుగు ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లు, వృత్తుల పేర్లు బోలెడు. ఒకే ఇంటిపేరు మీద నగల దుకాణం ఒకరిది, పచ్చళ్లు ఇంకొకరివి, ఆసుపత్రి మరొకరిది ఉండడం మనకు వింతేమీ కాదు. అమెరికాలో నిస్సాన్ ఇంటిపేరున్న కంప్యూటర్ల వ్యాపారి 1994లోనే నిస్సాన్.కామ్ తీసుకున్నాడు. 1999లో కార్ల కంపెనీ దావా వేసింది. ఏళ్ల తరబడి లాగినా డొమైన్ ఆయన దగ్గరే మిగిలింది. అయితే నడుమ ఆ పేజీలో కార్ల ప్రకటనలు పెట్టినందుకు కోర్టు ఆయన్నీ తప్పుబట్టింది. పాఠమంతా అక్కడే ఉంది. ఇంటిపేరు మీది కావచ్చు, దాని మీద వచ్చిపడే పక్కవాడి గిరాకీ మీది కాదు.

ప్రముఖుల పేర్ల దగ్గర లెక్క మారుతుంది. జూలియా రాబర్ట్స్ 2000లో తన పేరున్న డాట్ కామ్ గెలుచుకుంది. అదే ఏడాది గాయకుడు స్టింగ్ ఓడిపోయాడు, అది ఇంగ్లీషులో మామూలు మాట కూడా గనక. మన దగ్గర అరుణ్ జైట్లీ తన పేరున్న డాట్ కామ్ కోసం దావా వేస్తే 2011లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది.

నేను ఆ కంపెనీ డీలర్‌ని. దుకాణం డొమైన్‌లో వాళ్ల బ్రాండ్ పేరు పెట్టుకున్నాను. తప్పా?

తప్పని అనలేం, కానీ షరతులున్నాయి. ఓకీ డేటా అనే 2001 నాటి వైపో కేసు నుంచి వచ్చిన కొలతనే నేటికీ వాడుతున్నారు. ఆ సరుకు నిజంగా అమ్ముతుండాలి. ఆ సైటులో ఆ బ్రాండ్ సరుకే అమ్మాలి, దాన్ని ఎరగా వేసి పోటీ బ్రాండ్లు అంటగట్టకూడదు. కంపెనీకీ మీకూ ఉన్న సంబంధం ఏమిటో స్పష్టంగా రాయాలి. ఆ బ్రాండ్ ఉన్న పేర్లన్నీ మీరే గుత్తకు పట్టేయకూడదు. వీటికంటే ముందు డీలర్‌షిప్ ఒప్పందం తీసి చదవండి. చాలా ఒప్పందాల్లో కంపెనీ పేరుతో డొమైన్ తీసుకోరాదని ఒక వాక్యం ఉంటుంది, అదుంటే మిగతా వాదనంతా వృథా.

సైటే పెట్టలేదు. ఊరికే కొని ఉంచాను. వాడకం లేనప్పుడు దురుద్దేశం ఎక్కడిది?

ఈ వాదన 2000లోనే పోయింది. ఆస్ట్రేలియా టెలిఫోన్ సంస్థ టెల్‌స్ట్రా పేరును కొని ఊరికే ఉంచినవారు తమ పేరు "న్యూక్లియర్ మార్ష్‌మాలోస్" అని రాసుకున్నారు. పేరు చూస్తే నవ్వొస్తుంది గానీ, దాని మీద వచ్చిన నిర్ణయాన్ని నేటికీ ఉదహరిస్తారు. మార్క్ బాగా పేరున్నదై, కొన్నవారు చిరునామా దాచి, ఆ పేరును న్యాయంగా వాడే దారి ఊహకైనా అందనప్పుడు ఊరికే పట్టుకుని కూర్చోవడం కూడా దురుద్దేశపు వాడకమే. మామూలు మాట అయితే ఈ ముప్పు తక్కువ.

వాళ్ల ట్రేడ్‌మార్క్ కంటే ముందే నేను డొమైన్ కొన్నాను. ఇంక భయం లేదు కదా?

యూడీఆర్‌పీలో ఇది మీకున్న గట్టి కవచం. లేని మార్క్‌ను మనసులో పెట్టుకుని కొనడం సాధ్యం కాదు కదా. పుట్టబోయే పేరును పసిగట్టి కొంటే మాత్రం మినహాయింపు ఉంది. రెండు కంపెనీలు కలుస్తాయన్న వార్త విని రెండు పేర్లూ కలిపి కొనడం అలాంటిదే. 2023లో ఢిల్లీ కుర్రాడొకడు ఆ ఊహతోనే జియోహాట్‌స్టార్.కామ్ కొని, కేంబ్రిడ్జిలో తన చదువు ఖర్చు భరించమని 2024లో రిలయన్స్‌ను అడగడం అందరూ చూసిందే. ఆ తర్వాత ఆ పేరు దుబాయిలోని ఇద్దరు పిల్లల చేతికి వెళ్లింది, ఉచితంగానే ఇస్తామని వాళ్లు ప్రకటించారు. కథ ఆసక్తికరం, వ్యాపార పథకంగా అనుకరించదగినది మాత్రం కాదు.

మీ పేరు ముందుదని తెలిసీ పెద్ద సంస్థ బెదిరించి లాక్కోవడానికే ఫిర్యాదు చేస్తే, అది విధానాన్ని దుర్వినియోగం చేయడమేనని ప్యానెల్ తన నిర్ణయంలో రాయగలదు. జవాబులో అలా రాయమని అడగండి. దానివల్ల మీకు డబ్బు రాదు, వాళ్లకు మచ్చ మిగులుతుంది.

మా చేనేత సంఘం ఊరి పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరుతో ఎవరో డాట్ కామ్ కొన్నారు. తీసుకోగలమా?

ఇక్కడ చాలామందికి నిరాశే ఎదురవుతుంది. పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డూ లాంటి వాటికున్న భౌగోళిక గుర్తింపు యూడీఆర్‌పీలో దానంతట అది ట్రేడ్‌మార్క్ హక్కుగా చెల్లదు. ఆ పేరు ట్రేడ్‌మార్క్‌గా కూడా పనిచేస్తోందని విడిగా చూపాలి. కాబట్టి గుర్తింపు వచ్చిన సంఘం అక్కడితో ఆగకుండా, లోగోతో కూడిన సమష్టి ట్రేడ్‌మార్క్ కూడా నమోదు చేసుకోవాలి. నకిలీ సరుకు అమ్ముతున్న సైటైతే భౌగోళిక గుర్తింపుల చట్టం కింద కోర్టుకు వెళ్లే దారి ఎలాగూ ఉంది.

నా వ్యాపారం పేరుతో ఎవరో డొమైన్ కొన్నారు. ఎవరో కూడా తెలియదు. ఎలా?

ముందు స్క్రీన్‌షాట్లు తీసి తేదీతో దాచండి. మీరు కదిలారని తెలిస్తే పేజీ మారిపోతుంది. 2018లో ఐరోపా గోప్యతా నిబంధనలు వచ్చాక యజమాని వివరాలు బయటికి కనపడడం దాదాపు ఆగిపోయింది. దానికి కంగారు వద్దు, పేరు తెలియకుండానే యూడీఆర్‌పీ ఫిర్యాదు వేయొచ్చు. వేశాక రిజిస్ట్రార్ వివరాలు ఇస్తాడు, అప్పుడు సవరించుకుంటారు. కోర్టుకు వెళ్తే ముక్కూ మొహం తెలియని ప్రతివాదికి మన కోర్టుల్లో "అశోక్ కుమార్" అని పేరు పెట్టి దావా వేస్తారు. ఆ పేరున్న అసలు మనుషులు ఏమనుకుంటారో గానీ, పద్ధతి బాగా పనిచేస్తోంది.

ఖర్చు సంగతి. వైపోలో ఐదు డొమైన్ల వరకు, ఒక్క సభ్యుడి ప్యానెల్ అయితే 1,500 డాలర్లు, ముగ్గురైతే 4,000. లాయరు ఫీజు వేరు. అంటే లక్ష రూపాయలు దాటినట్టే. ఒక్క సభ్యుడు చాలని మీరన్నా అవతలివారు ముగ్గురు కావాలంటే, ఆ ఫీజులో సగం వాళ్లు భరించాలి. డొమైన్ అడుగుతున్న ధర ఇంతకంటే బాగా తక్కువైతే కొనేసి మీ పని మీరు చూసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. సూత్రం కోసం పోరాడే స్తోమత పెద్ద కంపెనీలకు ఉంటుంది.

నకిలీ సైటు పెట్టి మా పేరుతో జనం దగ్గర డబ్బు వసూలు చేస్తున్నారు. రెండు నెలలు ఆగాలా?

ఆగకండి. ఇది ముందు మోసం, తర్వాతే ట్రేడ్‌మార్క్. నష్టపోయినవారి చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఇతరుల వేషంలో ఆన్‌లైన్ మోసానికి ఐటీ చట్టంలో 66డి సెక్షన్ ఉంది. అదే రోజు రిజిస్ట్రార్‌కూ, హోస్టింగ్ సంస్థకూ దుర్వినియోగ ఫిర్యాదు మెయిల్ చేయండి. డొమైన్ మీ చేతికి రావడం నిదానంగా జరుగుతుంది, సైటు ఆగడం గంటల్లో జరగొచ్చు.

సైటు చేసిన డెవలపర్ తన పేరు మీదే డొమైన్ కొన్నాడు. ఇప్పుడు ఇవ్వనంటున్నాడు.

నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. దీనికి యూడీఆర్‌పీ అంత సరైన మందు కాదు. డబ్బు బాకీ, ఒప్పందం తగాదా అని వాసన వస్తే ప్యానెల్ "కోర్టుకు వెళ్లండి" అని పక్కన పెట్టేస్తుంది. మీరు డబ్బు కట్టిన రసీదులు, మీ తరఫున కొంటున్నట్టు అతను పంపిన మెయిళ్లు ఉంటే సివిల్ దావాకు పనికొస్తాయి. ఇంకా గొడవ రానివారు ఈ రోజే లాగిన్ చేసి, యజమాని గడిలో ఎవరి పేరుందో చూసుకోండి.

తెలుగు లిపిలో డాట్ భారత్ పేరుకు కూడా ఈ నియమాలేనా?

అవును, ఐఎన్‌డీఆర్‌పీ దానికీ వర్తిస్తుంది. బ్రాండ్ పేరును తెలుగు అక్షరాల్లో రాసినంత మాత్రాన అది కొత్త పేరైపోదు. చదివితే అదే శబ్దం వస్తుంది గదా.

గెలిస్తే నష్టపరిహారం వస్తుందా?

యూడీఆర్‌పీలో రాదు. డొమైన్ బదిలీ లేదా రద్దు, అంతే. ఐఎన్‌డీఆర్‌పీలో మధ్యవర్తి ఖర్చులు ఇప్పించొచ్చు. పరిహారం కావాలంటే కోర్టే. అమెరికాలో వ్యాపారం చేసే తెలుగువారు అక్కడి 1999 నాటి సైబర్‌స్క్వాటింగ్ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. ఒక్కో డొమైన్‌కు 1,000 నుంచి 1,00,000 డాలర్ల వరకు వేసే అధికారం కోర్టుకు ఉంది.

ఓడిపోతే అప్పీలుందా?

యూడీఆర్‌పీలో లోపల అప్పీలు లేదు. కానీ నిర్ణయం చేరాక రిజిస్ట్రార్ 10 పని దినాలు ఆగుతాడు. ఆ లోపు, ఫిర్యాదుదారు తన ఫిర్యాదులో ఒప్పుకున్న ప్రాంతపు కోర్టులో దావా వేసి, ఆ కాగితం రిజిస్ట్రార్‌కు పంపితే బదిలీ ఆగుతుంది. పదకొండో రోజు వెళ్తే పేరు అప్పటికే చేతులు మారి ఉండొచ్చు. డాట్ ఇన్ విషయంలో మధ్యవర్తి తీర్పు 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కిందికి వస్తుంది గనక, 34వ సెక్షన్ కింద మూడు నెలల్లో కోర్టులో సవాలు చేయాలి. తగిన కారణం చూపితే కోర్టు ఇంకో 30 రోజులు మన్నించగలదు, ఆపైన ఒక్క రోజు కూడా కాదు.